పాయకారి ఇంటి పన్ను

పరాయివాడు ఇల్లు కొంటే మామూలు కన్నా ఎక్కువ పన్ను కట్టాలి. గడిచిన పదిహేనేళ్ళలో ధనిక దేశాలు ఒకదాని వెనక ఒకటి రాసుకున్న నియమం ఇది. సింగపూర్ 2011 డిసెంబర్‌లో విదేశీ కొనుగోలుదారు మీద 10 శాతం అదనపు స్టాంపు సుంకం వేసింది. దాన్ని పెంచుకుంటూ పోయి 2023 ఏప్రిల్‌లో 60 శాతం చేసింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2016 ఆగస్టులో వాంకూవర్ ప్రాంతంలో 15 శాతంతో మొదలుపెట్టి, 2018లో 20 శాతానికి తెచ్చింది. ఒంటారియో 2017లో 15 శాతం వేసి, 2022 అక్టోబర్‌లో 25 శాతం చేసింది. ఇంగ్లాండ్ 2021 ఏప్రిల్ నుంచి ఆ దేశంలో కాపురం లేనివాడి దగ్గర 2 శాతం అదనంగా తీసుకుంటోంది.

పలకల గనుల మార్కాపురంలోనో, నీళ్ళు లేని గిద్దలూరు పల్లెల్లోనో ఉన్నవాళ్ళకి ఈ లెక్కలతో పనేమిటి అనవచ్చు. పని ఉంది. ఒకటి, మన పిల్లలు ఆ దేశాలకి పోతున్నారు. నల్లమల కింద ఉన్న ఈ మెట్ట ప్రాంతం నుంచి కూలికి హైదరాబాదు, బెంగుళూరు పోయినట్టే, కడప జిల్లా వాళ్ళ వెంట కువైట్‌కీ సౌదీకీ పోయారు. నాలుగు అక్షరాలు బాగా వంటబట్టినవాళ్ళు కెనడాకీ ఆస్ట్రేలియాకీ పోతున్నారు. రెండు, 'పరాయి' అన్న మాట ముస్లింలకి కొత్త కాదు. పుట్టిన ఊళ్ళోనే ఆ మాట విన్నవాళ్ళం. కాబట్టి పరాయివాడి ఇంటి మీద ఎవరు ఏ గీత గీసినా, ఆ గీత ఏ సున్నంతో గీశారో చూసే హక్కు మాకు అందరికన్నా కొంచెం ఎక్కువే ఉందనుకుంటున్నాను.

ఈ గీత మన నేలకీ కొత్తది కాదు. పాత రెవెన్యూ లెక్కల్లో 'పాయకారి' అని ఒక మాట ఉంది. ఒక ఊళ్ళో కాపురం ఉండి ఇంకో ఊళ్ళో భూమి సేద్యం చేసేవాడు పాయకారి. ఆ ఊరి కాపురస్తుడికి ఉన్న హక్కులు వాడికి లేవు. ఇవాళ ప్రభుత్వాలు 'నాన్ రెసిడెంట్' అంటున్న మనిషి అప్పటి తెలుగు పేరు అదే. కంభం, మార్కాపురం సీమలు కడప నవాబుల చేతి నుంచి హైదర్ చేతికీ, 1792లో నిజాం చేతికీ పోయి, 1800లో దత్తమండలాలలో భాగంగా కంపెనీ చేతికి చిక్కాయి. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో ఈ మండలాలకి ప్రిన్సిపల్ కలెక్టరు. యుద్ధాలతో, కరువులతో పాడుపడిన ఊళ్ళు, బీళ్ళు పడిన పొలాలు అతని ముందున్నాయి. సేద్యం చేసే చేతులు లేకపోతే శిస్తు లేదు.

అప్పుడేం చేశారు? పొరుగూరి రైతును రప్పించుకోవడానికి బీడు భూముల్ని మొదటి ఏడు తక్కువ శిస్తుకి, ఆపైన ఏటేటా కాస్త పెంచేలా కౌలుకిచ్చారు. ఇది మన ప్రాంతపు వింత కాదు. 1770 కరువు తర్వాత బెంగాల్లో కూడా బయటి ఊరి సేద్యగాడు, అక్కడ 'పాహీకాస్తు' అనేవారు, కాపురస్తుడి కన్నా తక్కువ శిస్తుకే భూమి పట్టాడు. జమీందారే వాడి వెంట పడ్డాడు.

దీన్ని బట్టి ఒక సంగతి తేలుతుంది. పరాయివాడి మీద పన్ను ఎక్కువా తక్కువా అన్నది వాడి గుణాన్ని బట్టి రాదు. భూమి ఎక్కువై మనిషి కొరతైతే పరాయివాడికి తగ్గింపు. ఇల్లు కొరతై డబ్బు ఎక్కువైతే పరాయివాడికి పెంపు. మనిషి అదే మనిషి. వాడిని అతిథి అనాలా, ఆక్రమణదారు అనాలా అన్నది సంత ధర చెబుతోంది. పరాయితనం నెత్తుట్లో ఉంటుందని నమ్మేవాళ్ళు ఈ పాత కౌలు కాగితాలు ఒకసారి తిరగేయడం మంచిది.

అయితే పన్నులన్నీ సంత ధరను బట్టే నడవలేదు. పుట్టుకను బట్టి, మతాన్ని బట్టి వేసిన పన్నులున్నాయి. ఇక్కడ ముస్లిం రచయిత జిజియా పేరు ఎత్తకుండా దాటిపోతే పాఠకుడు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. అక్బరు 1564లో జిజియాను తీసేశాడు. ఔరంగజేబు 1679లో మళ్ళీ పెట్టాడు. 1720లో మహమ్మద్ షా కాలంలో అది పోయింది. ఆడవాళ్ళకీ పిల్లలకీ బీదలకీ మినహాయింపు ఉందనీ, ముస్లింలు వేరే జకాత్ ఇచ్చారనీ సమర్థించేవాళ్ళు ఉన్నారు. ఆ సమర్థన నాకు అక్కర్లేదు. తన గడ్డ మీద బతికే మనిషిని నీ దేవుడెవరని అడిగి పన్ను వేయడం తప్పే. ఔరంగజేబు వేసినా తప్పే, ఇంకొకరు వేసినా తప్పే.

కానీ ఆ బాకీ ఇవాళ్టి మా మీద రాయడం చరిత్ర కాదు. దూది ఏకిన మా తాతలు, మగ్గం నేసినవాళ్ళు, మాంసం కొట్టినవాళ్ళు, బండి తోలినవాళ్ళు ఏ కోటలోనూ కూర్చుని జిజియా వసూలు చెయ్యలేదు. వాళ్ళ నెత్తిన పడింది మొహతర్ఫా. మగ్గం మీద, గానుగ మీద, అంగడి మీద, చేతి పని మీద, దత్తమండలాల్లో ఇంటి మీద కూడా వేసిన పన్ను అది. నవాబుల కాలంలో ఉంది, కంపెనీ వచ్చాకా ఉంది. సాలెవాడనీ దూదేకులవాడనీ అది చూడలేదు, పని చేసే చెయ్యి ఉందా లేదా అన్నదే చూసింది. పాలకుడి మతం మాదైనంత మాత్రాన మా ఇంటి చూరు పన్ను తప్పించుకోలేదు.

పుట్టుకను బట్టి వేసిన పన్ను ఎలా ఉంటుందో తెలుగువాళ్ళు సముద్రం అవతల అనుభవించారు. 1860 నవంబరులో 'ట్రూరో' అనే ఓడ మద్రాసు రేవు నుంచి బయల్దేరి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో లంగరు వేసింది. చెరకు తోటల కూలీలతో వెళ్ళిన మొదటి ఓడ అది. ఆ తర్వాత యాభై ఏళ్ళు సాగిన ఆ వలసలో తమిళులతో పాటు తెలుగు జిల్లాల వాళ్ళూ వెళ్ళారు. అయిదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడు నెలకి 10 షిల్లింగుల జీతం. ఒప్పందం అయిపోయాక కొందరు అక్కడే ఉండిపోయారు. గుడిసె వేసుకున్నారు, కూరగాయలు పండించుకున్నారు. కూలీగా ఉన్నన్నాళ్ళు ముద్దొచ్చినవాడు, సొంత ఇల్లు కట్టుకునేసరికి తెల్లదొరలకి కంట్లో నలుసయ్యాడు.

1895లో నేటాల్ ఒక చట్టం చేసింది. ఒప్పందం ముగిశాక తిరిగి కూలికి చేరకుండా, ఇండియాకి పోకుండా అక్కడే ఉండే భారతీయుడు ఏటా 3 పౌన్లు పన్ను కట్టాలి. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. మొదటి ఏటి కూలీ జీతం లెక్కలో ఆరు నెలల సంపాదన. 1903లో దాన్ని పిల్లల మీదికీ తెచ్చారు. పదహారేళ్ళు దాటిన కొడుకు, పదమూడేళ్ళు దాటిన కూతురు కూడా కట్టాలన్నారు. 1913 సమ్మె ఈ పన్ను మీదే లేచింది. 1914లో ఆ పన్ను పోయింది. గాంధీజీ పేరు మనకి గుర్తుంది. ఆ సమ్మెలో గనుల్లోంచి, తోటల్లోంచి బయటికొచ్చిన తమిళ, తెలుగు కూలీలు మనకి అంతగా గుర్తులేరు.

పక్కనే ఉన్న ట్రాన్స్‌వాల్‌లో ఇంకో పద్ధతి. 1885 నాటి 3వ చట్టం ఆసియా వాళ్ళు స్థిరాస్తి కొనకూడదంది. మరుసటి ఏడు సవరించి, ప్రభుత్వం చూపించిన వీధుల్లో, వాడల్లో మాత్రం కొనుక్కోవచ్చంది. ఆ చట్టం ఎవరికి వర్తిస్తుందో చెబుతూ ఇచ్చిన జాబితా చూడాలి. కూలీలట, అరబ్బులట, మలయ్‌లట, తుర్కీ సామ్రాజ్యానికి చెందిన మహమ్మదీయులట! గుజరాత్ నుంచి పోయిన ముస్లిం వర్తకులనే అక్కడ 'అరబ్బులు' అన్నారు. కూలీ వేరు, సేటు వేరు అనుకున్న ఆ వర్తకులు చివరికి కూలీతో పాటు ఒకే గాటన కట్టబడ్డారు. తెల్లవాళ్ళ పేరు మీద దస్తావేజులు రాయించుకుని ఆస్తులు కాపాడుకున్నారు. డర్బన్‌లో భారతీయులు ఇళ్ళు కొంటున్నారని 1943లో ఒక చట్టం, 1946లో ఇంకో చట్టం వచ్చాయి. ఆ 1946 చట్టం మీద భారతదేశం ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది, దక్షిణాఫ్రికాతో వర్తకం తెంచుకుంది. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టంతో ఏ జాతి ఏ వీధిలో ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించింది.

మన దేశం ఐక్యరాజ్యసమితిలో చెప్పిన మాట గుర్తుంచుకోవాల్సిన మాట. మనిషి ఎక్కడ ఇల్లు కొనుక్కోవాలో వాడి జాతి నిర్ణయించకూడదని మనం ప్రపంచానికి చెప్పాం.

ఇప్పుడు ఇవాళ్టి పన్నుల దగ్గరికి వద్దాం. వాంకూవర్‌లో ఇళ్ళ ధరలు అక్కడ పని చేసేవాళ్ళ జీతాలకి అందకుండా పోయాయి. బయటి దేశాల్లో సంపాదించిన డబ్బు వచ్చి ఇళ్ళ మీద పడుతోంది. కొన్న ఇళ్ళలో కొన్నిటికి తాళాలు. బస్సు నడిపేవాడు, ఆసుపత్రిలో నర్సు ఊరికి దూరంగా పోవలసి వస్తోంది. ఇలాంటప్పుడు ఊళ్ళో ఉండనివాడి దగ్గర ఎక్కువ తీసుకుంటామని ప్రభుత్వం అంటే అందులో న్యాయం లేకపోలేదు. ఇల్లు ముందు తల దాచుకోవడానికి, ఆ తర్వాతే డబ్బు దాచుకోవడానికి.

అయినా ఆ న్యాయం పక్కనే ఒక పాత నీడ ఉంది. అదే కెనడా 1885లో చైనా నుంచి వచ్చే ప్రతి మనిషి మీద 50 డాలర్ల తల పన్ను వేసింది. 1900లో 100, 1903లో 500 చేసింది. 1923లో పన్ను తీసేసి, రావడమే దాదాపు ఆపేసింది. 1914లో అదే వాంకూవర్ రేవులో కొమగట మారు ఓడ నిలిచింది. అందులోని సిక్కుల్ని, ముస్లింల్ని, హిందువుల్ని దిగనివ్వకుండా రెండు నెలలకి వెనక్కి పంపారు. కాబట్టి 2016లో విదేశీయుల ఇంటి పన్ను వచ్చినప్పుడు అక్కడి చైనీయులు ఉలిక్కిపడ్డారంటే అర్థం చేసుకోవచ్చు.

చైనా నుంచి చదువుకి వచ్చిన ఒక యువతి వాంకూవర్ దగ్గరి లాంగ్లీలో 5,59,000 డాలర్లకి ఇల్లు బేరం చేసుకుంది. బేరం అయ్యాక పన్ను వచ్చి పడింది. 15 శాతం, అంటే 83,850 డాలర్లు. ఇది ఆసియా వాళ్ళ మీద వివక్ష అని ఆమె కోర్టుకి వెళ్ళింది. పాత తల పన్నుల చరిత్ర కూడా కోర్టు ముందుకి వచ్చింది. 2019లో కోర్టు ఆమె వాదన ఒప్పుకోలేదు. పన్ను పౌరసత్వం, శాశ్వత నివాసం చూసి వేశారు, జాతి చూసి కాదు అంది. 2021లో పై కోర్టూ ఆ తీర్పునే నిలబెట్టింది.

కోర్టు చెప్పింది చట్టం. దాని పక్కన మనం ఒక ప్రశ్న పెట్టుకోవాలి. ఆ యువతి ఆ ఊళ్ళోనే ఉంటోంది. తాళం వేసిన ఇంటి యజమాని కాదు. ఊళ్ళో ఉండేవాడినీ, ఉండనివాడినీ వేరు చేయడానికి పుట్టిన పన్ను, ఉండేవాళ్ళలో పాస్‌పోర్టు వేరైనవాళ్ళ మీద పడింది. గీత ఇలాగే జరుగుతుంది. ముందు 'ఇక్కడ ఉండనివాడు' అంటారు. తర్వాత 'ఇక్కడివాడు కానివాడు' అంటారు. ఆ తర్వాత 'ఇక్కడివాడిలా కనబడనివాడు' అన్నా ఎవరూ ఆశ్చర్యపోరు.

సింగపూర్ లెక్క చూస్తే పరాయితనానికి కూడా తరగతులున్నాయని తెలుస్తుంది. వర్తక ఒప్పందాల వల్ల అమెరికా పౌరుడు అక్కడ ఇల్లు కొంటే సింగపూర్ పౌరుడితో సమానం. స్విట్జర్లాండు, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ వాళ్ళకీ అంతే. శాశ్వత నివాసం లేని మన తెలుగు ఇంజనీరు మాత్రం 60 శాతం కట్టాలి. ఇద్దరూ పరాయివాళ్ళే. ఒకడి వెనక ఉన్న రాజ్యం బేరం ఆడగలిగింది. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ 1 నుంచి రెండేళ్ళ పాటు, తాత్కాలిక నివాసులతో సహా విదేశీయులు కట్టిన ఇళ్ళు కొనకుండా ఆపింది. కెనడా 2023 జనవరి 1న మొదలుపెట్టిన నిషేధాన్ని 2027 జనవరి 1 దాకా పొడిగించింది. అయితే పని అనుమతి మీద ఉన్నవాడికి కొన్ని షరతులతో ఒక ఇల్లు కొనుక్కునే వీలిచ్చింది.

ఇక మా వాళ్ళు ఎక్కువగా పోయిన గల్ఫ్ సంగతి. ఊళ్ళో కొందరికి ఒక భ్రమ ఉంది. ముస్లింలకి అక్కడేదో చుట్టరికం ఉందనీ, వాళ్ళ మనసు అటే ఉంటుందనీ. కువైట్‌లో ఇరవై ఏళ్ళు షేక్ ఇంట్లో డ్రైవరు పని చేసిన కంభం మనిషిని అడగండి. అక్కడ భూమీ ఇల్లూ పౌరులవి. విదేశీయుడు స్థిరాస్తి కొనకుండా 1979 నాటి చట్టం కట్టుదిట్టం చేసింది. కల్మా చదివినంత మాత్రాన ఇంటి పట్టా రాదు. అకామా ఉన్నన్నాళ్ళే అక్కడి బతుకు. అది పోయిన రోజు పెట్టె సర్దుకోవాలి. నమాజులో భుజం భుజం కలిపి నిలబడిన యజమానీ డ్రైవరూ మసీదు గడప దాటగానే ఒకరు పౌరుడు, ఒకరు పరాయి.

సౌదీలో 2017 జులైలో విదేశీ ఉద్యోగి భార్యాబిడ్డల మీద తలకి నెలకి 100 రియాళ్ళ రుసుం పెట్టారు. ఏటా వంద చొప్పున పెంచి 2020కి 400 చేశారు. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవాడు నెలకి 1,600 రియాళ్ళు కట్టాలి. అది కట్టలేక ఎన్నో కుటుంబాలు ఇంటిదారి పట్టాయి. మక్కా ఉన్న దేశంలోనే ముస్లిం బిడ్డ తల మీద పన్ను పడింది. మతం దాన్ని ఆపలేదు. 2025 జులైలో అదే సౌదీ కొత్త చట్టం ప్రకటించింది. ప్రభుత్వం చూపిన ప్రాంతాల్లో విదేశీయులు ఆస్తి కొనవచ్చునంది. వాళ్ళ లావాదేవీల మీద 5 శాతం మించకుండా రుసుం తీసుకుంటానంది. ఇల్లు కొనగల విదేశీయుడికి తలుపు తెరుచుకుంది. ఇల్లు తుడిచే విదేశీయుడు ఆ తలుపు బయటే ఉన్నాడు.

కాబట్టి మా వాడు సంపాదించిన ప్రతి దీనారూ ఎటు వస్తుంది? ఇటే వస్తుంది. గిద్దలూరులో, కంభంలో, బేస్తవారిపేటలో, కొమరోలులో స్లాబు వేసిన ఇల్లుగా లేస్తుంది. మా మనసు ఎటుందని అడిగేవాళ్ళు ఆ ఇళ్ళ పునాదులు చూస్తే చాలు.

ఇక్కడ కూడా అతన్ని చట్టం పాయకారిగానే చూస్తుంది. ఉద్యోగానికి దేశం దాటినవాడు విదేశీ మారకపు చట్టం కింద 'నాన్ రెసిడెంట్'. ఇల్లు కొనుక్కోవచ్చు, స్థలం కొనుక్కోవచ్చు. సేద్యపు భూమి మాత్రం కొనకూడదు. వారసత్వంగా వస్తే సరే. రాచర్ల పక్కన రెండెకరాల మెట్ట కొనాలని ఎడారిలో పదేళ్ళు ఒంటెలు కాసినవాడు దాన్ని తన పేరు మీద రాయించుకోలేడు. నాయన పేరునో, భార్య పేరునో రాయిస్తాడు. ఆ తర్వాత అన్నదమ్ముల తగువు. ఇల్లు అమ్మేటప్పుడు ఇంకో లెక్క. అమ్మేవాడు ఊళ్ళో కాపురస్తుడైతే 50 లక్షల లోపు బేరంలో కొనేవాడు పన్ను కింద ఏమీ పట్టుకోనక్కర్లేదు. అమ్మేవాడు కువైట్‌లో ఉంటే ఎంత చిన్న ఇల్లయినా పట్టుకోవాలి.

వీటి మీద నాకు ఫిర్యాదు ఉంది గానీ కోపం లేదు. ఎందుకంటే ఈ గీత రెడ్డికీ, కమ్మకీ, మాదిగకీ, ముస్లింకీ ఒకటే. పోయినవాడు తిరిగొచ్చి కాపురం పెడితే గీత చెరిగిపోతుంది.

చెరగని గీత ఒకటి మన దేశంలోనే గీశారు. విభజన తర్వాత వచ్చిన 1950 నాటి చట్టాన్ని మన కచేరీల్లో కాందిశీకుల ఆస్తి చట్టం అంటారు. అస్సాం, పశ్చిమ బెంగాల్ వంటి కొన్నిటిని వదిలి దేశమంతటికీ అది వర్తించింది. అప్పటికి మద్రాసు రాష్ట్రంలో, కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, కంభం కూడా దాని కిందే ఉన్నాయి. 1947 మార్చి 1 తర్వాత పాకిస్తాన్ వెళ్ళినవాడి ఆస్తి కస్టోడియన్‌ది అవుతుంది. అంతవరకు అర్థమవుతుంది. అటు నుంచి ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన హిందువులకీ సిక్కులకీ ఎక్కడో చోటు చూపించాలి.

కానీ అదే చట్టంలో 'వెళ్ళబోతున్నవాడు' అని ఇంకో తరగతి ఉంది. వెళ్ళలేదు. ఇక్కడే ఉన్నాడు. కానీ ఆస్తిలో కొంత అటు పంపాడనో మరోటనో వెళ్ళే ఉద్దేశం ఉన్నవాడుగా ప్రకటించవచ్చు. అప్పుడు అధికారి అనుమతి లేకుండా తన ఇల్లు తాను అమ్ముకోలేడు. 1953లో ఆ భాగాన్ని తీసేశారు, 1954 మే తర్వాత కొత్తగా ఎవరి ఆస్తినీ కాందిశీకుడిదిగా ప్రకటించడం ఆగింది. మొత్తం చట్టం 2005లో రద్దయింది. చట్టం పోయింది. 'వెళ్ళబోతున్నవాడు' అన్న చూపు పోలేదు. క్రికెట్ ఆట రోజున, ఎన్నికల రోజున, పక్క రాష్ట్రంలో ఏ గొడవ జరిగిన రోజున ఆ చూపు మా మీద పడుతుంది. ఎన్ని తరాలు ఇంటి పన్ను రసీదులు దాచుకున్నా, ఆ చూపులో మేమింకా పెట్టె సర్దుకుంటున్నవాళ్ళమే.

1968లో శత్రు ఆస్తి చట్టం వచ్చింది. మహమూదాబాద్ రాజా తండ్రి పాకిస్తాన్ పౌరుడయ్యాడు, కొడుకు భారత పౌరుడిగా ఇక్కడే ఉన్నాడు. దశాబ్దాల వ్యాజ్యం తర్వాత 2005లో సుప్రీంకోర్టు కొడుకు పక్షాన తీర్పిచ్చింది. 2017 సవరణ ఆ తీర్పును తలకిందులు చేసింది. వారసుడు భారతీయుడైనా సరే ఆస్తి శత్రువుదే అంది. ఆయన రాజా, కోటలున్న మనిషి. ఆయన ఆస్తి మీద మాకేం మమకారం లేదు. అందులోని సూత్రమే భయపెడుతుంది. తండ్రి ఎక్కడికి పోయాడో దాన్ని బట్టి, ఎక్కడికీ పోని కొడుకు ఇంటిని లెక్క కట్టడం.

ఇక చట్టంలో లేని పన్ను ఒకటుంది. పిల్లవాడికి హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగం వస్తుంది. అద్దె ఇంటికి తిరుగుతాడు. బోర్డు ఉంటుంది, ఇల్లు ఖాళీగా ఉంటుంది. పేరు చెప్పేదాకా మాట బాగుంటుంది. పేరు విన్నాక 'మా బంధువులు వస్తున్నారు' అంటారు. చివరికి మావాళ్ళుండే ఇరుకు వీధికే పోతాడు. అక్కడ అందరూ అటే వస్తారు కాబట్టి అద్దె పెరుగుతుంది. రసీదు లేదు, శాతం లేదు. ఆ తర్వాత 'మీరంతా ఒకేచోట గుంపుగా ఎందుకుంటారు' అని అడుగుతారు. గుజరాత్‌లో 1991 నాటి చట్టం ప్రకారం కలతల ప్రాంతంగా ప్రకటించిన చోట ఇల్లు అమ్మాలన్నా కొనాలన్నా కలెక్టరు అనుమతి ఉండాలి. భయంతో తెగనమ్ముకునేవాళ్ళని కాపాడడానికని వచ్చిన చట్టం అది. ఇష్టపడి పక్కపక్కన ఉండాలనుకునే హిందువూ ముస్లిమూ కూడా దానికింద కచేరీ మెట్లెక్కాలి. ట్రాన్స్‌వాల్ వాడల గురించి ఐక్యరాజ్యసమితిలో మాట్లాడిన దేశం మనది.

మరి విదేశీయుడి ఇంటి మీద ఎక్కువ పన్ను వేయవచ్చా, కూడదా? వేయవచ్చు. మూడు ప్రశ్నలు అడిగి వేయాలి. గీత కాపురం మీద గీశారా, పుట్టుక మీద గీశారా? ఆ గీతను మనిషి దాటగలడా? వచ్చిన డబ్బు ఇల్లు లేనివాడికి ఇల్లుగా మారుతోందా? ఒంటారియోలో కొన్నవాడు నాలుగేళ్ళలో శాశ్వత నివాసి అయితే షరతులకు లోబడి పన్ను తిరిగిస్తారు. అది దాటగల గీత. వాంకూవర్ నగరం 2017 నుంచి ఖాళీగా పెట్టిన ఇంటి మీద పన్ను వేస్తోంది. మొదట ఇంటి విలువలో 1 శాతం, 2021 నుంచి 3 శాతం. యజమాని పౌరుడా విదేశీయుడా అని అడగరు. ఇంట్లో దీపం వెలుగుతోందా లేదా అన్నదే అడుగుతారు. ఆ డబ్బు తక్కువ ఆదాయం వాళ్ళ ఇళ్ళకి పోతుంది. తాళాన్ని చూసి వేసే పన్ను న్యాయం. గడ్డాన్ని చూసి వేసేది కాదు.

ఈ మూడు ప్రశ్నలూ మన ఊళ్ళోనూ అడగాలి, మా వాళ్ళనీ అడగాలి. మార్కాపురంలో, గిద్దలూరులో రోడ్డు పక్క స్థలాలు కొన్నది ఎవరు? కొంత గల్ఫ్ డబ్బు, కొంత అమెరికా డబ్బు, కొంత హైదరాబాదు డబ్బు. హిందువులదీ ఉంది, ముస్లింలదీ ఉంది. కట్టిన ఇళ్ళలో కొన్నిటికి ఏడాదిలో పదకొండు నెలలు తాళమే. పలకల ఫ్యాక్టరీలో దుమ్ము పీల్చినవాళ్ళు, ఆ పని తగ్గిపోయాక కూలికి దిగినవాళ్ళు అదే ఊళ్ళో రేకుల షెడ్డుకి అద్దె కడుతున్నారు. స్థలం ధర వాళ్ళకి అందదు. వాళ్ళలో మా బీబీలూ ఉన్నారు, ఎల్లమ్మలూ ఉన్నారు. వాంకూవర్ బస్సు డ్రైవరుకి చైనా డబ్బు ఎలా కనిపిస్తుందో, ఆ కూలి మనిషికి మా కువైట్ డబ్బు అలా కనిపిస్తుంది. మన మునిసిపాలిటీల్లో ఖాళీ స్థలానికి పన్ను ఉంది. తాళం వేసిన ఇంటికి అదనంగా ఏమీ లేదు. రేపు ఎవరైనా అలాంటి పన్ను పెడతామంటే, కులం మతం అడగకుండా అందరి తాళాల మీదా పెడతామంటే, మొదట చెయ్యెత్తాల్సింది మేమే. పరాయి అనిపించుకోవడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళం, సొంత ఊళ్ళో చోటు లేకపోవడం ఎలా ఉంటుందో కూడా తెలిసి ఉండాలి.